రిమార్కుల గడి

హలో… ఆ, నేనే తాతా, జాయ్‌ను… వాన కేంద్రం జాయ్‌నే…

ఆగు, ఆగు తాతా. ఈ దినం లెక్క అప్పుడే చెప్పాకు… లేదు, పెన్ను ఉండాది. పెన్ను లేక కాదు…

ఎనిమిదిన్నర అయిందని నాకూ తెలుసు. నువ్వు ఎప్పుడన్నా టయం తప్పినావా… ఒక పది నిమిషాలు లేటయితే ఏం కాదులే. ముందర నేను నీకు ఒక మాట చెప్పల్ల. అది చెప్పినంక నీ లెక్క రాసుకుంటా…

ఫోన్ పెట్టెయ్యాకు, అంతే.

యాడుండావు ఇప్పుడు… వాన కొలిచే డబ్బా కాడనే? ఎండలో నిలబడాకు తాతా, పోయి అరుగు మీద కూర్చో… కూర్చుంటే చెప్తా.

…

కూర్చున్నావా. ఊ.

పుస్తకం సంగతి తాతా…

లేదు. అచ్చు కాలేదు.

…బుధవారానికి కూడా కాదు.

తెలుసు తాతా. ఓబులమ్మవ్వ సంవత్సరీకం బుధవారమని తెలుసు. క్యాలెండర్లో గుండ్రం చుట్టి పెట్టుకున్నా. అవ్వ దినాము ఫోన్‌లో మాకు చెప్పినవన్నీ పుస్తకం వేసిస్తే, మీ కూతురు పుష్పావతక్క అవ్వ ఫొటో ముందర కూర్చోని చదువుతాది, నువ్వు వింటావు… అంతా తెలుసు. మాట ఇచ్చింది నేనే గదా…

కాగితం అయిపోయి కాదు. ప్రింటరు చెడిపోయీ కాదు. అవైతే అనంతపురం పోయి అయినా అచ్చు వేయించుకొచ్చిందును…

అవ్వ చెప్పినవి లేవు తాతా.

…

లేవు అంటే… పోయినాయి. నేనే పోగొట్టినా.

…

హలో… తాతా… ఉండావా?

ఆ.

…అన్నీ. పదహైదేండ్లవి. ఒక్క కాగితం తప్ప… ఆ కాగితం సంగతి కూడా చెప్తా, ఆగు.

లెక్కలా… లెక్కలు ఉండాయి. వాన లెక్కలకు ఏమీ కాలేదు. నెలనెలా హెడ్డాఫీసుకు పోతాయి గదా, ఆడ భద్రంగా ఉండాయి. ఏ దినం ఎన్ని మిల్లీమీటర్లు పడిందో, పడని దినాల సున్నాలతో సహా అన్నీ ఉండాయి. పోయింది లెక్క పక్కన మాటలు రాసే రిమార్కుల గడి ఒక్కటే…

హెడ్డాఫీసు వాళ్లకు ఆ గడితో పని లేదు తాతా. వాళ్లు దాన్ని అడిగేదీ లేదు, తీసుకునేదీ లేదు. నూటిరవై ఊర్ల నుంచి ఫోన్లు వస్తాయి మాకు. అందరూ లెక్క చెప్పి పెట్టేస్తారు. దినాము ఆ గడి నింపింది అవ్వ ఒక్కతే.

అందుకే మా పెద్ద సారు, 'రిపోర్టులో నష్టం ఏమీ లేదు అని రాయి' అన్నాడు…

రాసినా.

రాసి సంతకం కూడా పెట్టినా.

…గురువారం. గురువారం పగలు జరిగింది.

అవును. శుక్రవారం, శనివారం, నిన్న… మూడు దినాలు నువ్వు ఫోన్ చేస్తివి, నేను ఊ కొట్టి రాసుకుంటి. నిన్న నువ్వు 'పుస్తకం ఎంతవరకు వచ్చింది పాపా' అని అడిగితే 'అవుతాంది తాతా' అంటి… అబద్ధం చెప్పినా. నిజం చెప్పను నోరు రాలేదు.

తిట్టు తాతా. నువ్వు తిడితేనే నాకు కొంచెం ఊపిరి ఆడేది…

ఏమి?

…మొదటినుంచా?

అది నీకు… లేదు, లేదు, నీకు అర్థం కాదని కాదు. చెప్తా. వరసగానే చెప్తా. అవ్వ కూడా అంతే, వరస తప్పితే ఒప్పుకునేది కాదు.

మా ఆఫీసులో ఒక గదిలో ఏడు పాత కంప్యూటర్లు ఉండాయి. సర్వర్లు అంటారు. తెర గిర ఉండదు, ఉత్త పెట్టెలు. ఒకదాంట్లో మన వాన లెక్కలు, అవ్వ రిమార్కులు. మిగతా ఆరూ ఊరికే పడుంటే వాటిని మళ్లా పనిలోకి తెద్దామని అనుకున్నారు. ఒక్కోదాన్ని చేత్తో సరిచెయ్యాలంటే దినమంతా పడతాది… దానికని ఒక సాఫ్ట్‌వేర్ ఉండాది తాతా. దాన్ని ఒక కొత్త మిషన్‌లో పెడితే అది మేస్త్రీ మాదిరి మిగతావాటికి పని చెప్తాది. నువ్వు లెయ్యి, నువ్వు తుడుచుకో, నువ్వు ఈ పని చెయ్యి అని… ఆ, ఇంక మనిషి పోయి ముట్టుకునే పని ఉండదు.

దివాకర్ సారు చెప్తాంటే చేసినా… ఆ, ఆ సారే. మీ ఇంటికాడ డబ్బా పాతను వచ్చినాయప్పే. ఇప్పుడు బెంగళూరులో పని. మా మీద అభిమానం కొద్దీ ఫోన్‌లో చెప్తాడు.

ఆ సాఫ్ట్‌వేర్ కంటైనర్ ప్యాకేజీ అని వస్తాది. దానికి కావల్సినవన్నీ దాంట్లోనే సర్ది, మూత వేసి పంపిస్తారు. నువ్వు చేనికి తీసుకపోయే సద్ది మూట లేదా… సంగటి, ఊరిబిండి, ఉల్లిగడ్డ అన్నీ ఒక మూటలోనే. ఇంకొకరి వాకిట్లో ఉప్పు అడిగే పని లేదు. అట్ల.

ఒక్క లైను టైపు చేస్తే అదే దిగుతాది. మా నెట్టు సంగతి తెలుసు గదా, పదింటికి మొదలుపెడితే దిగేకాలికి పన్నెండున్నర. కండ్లు కాయలు కాసేటట్టు చూస్తా కూర్చున్నా.

దిగినంక దాన్ని మొదలుపెట్టియ్యల్ల. అప్పుడు అది ప్రశ్నలు అడుగుతాది… ఆ, పనిలో కొత్తగా చేరినోని మాదిరి. నేను పైన పెద్ద పెత్తనం చెయ్యల్లనా, కింద మిషన్లను కాసుకోవల్లనా, రెండూనా అని అడిగింది. రెండూ అంటి. నా లెక్కలు యాడ రాసుకోవల్ల అని అడిగింది. చోటు చూపిస్తి. నన్ను ఏ అడ్రసులో పిలుస్తారు అని అడిగింది. ఇస్తి. యజమాని పేరు అడిగింది… నా పేరే ఇచ్చినా తాతా. పాస్‌వర్డు రెండుసార్లు కొట్టినా.

ఆ… దానికి యజమానిని నేనే.

అంతవరకు ఏ తప్పూ జరగలేదు. ఒక్క ఎర్ర గీత కూడా రాలేదు. దివాకర్ సారు, 'శభాష్ జాయ్, నేను మొదటిసారి చేసినప్పుడు మూడుసార్లు తప్పినా' అన్నాడు. నాకు భలే సంతోషమాయె. మా అమ్మ కూలికి పోయి చదివిచ్చింది ఇందుకే గదా అనుకుంటి… ఆ సంతోషంలోనే కండ్లు మూసుకపోయినాయి నాకు.

చెప్తా, చెప్తా…

దివాకర్ సారు పొద్దున్నే ఒక మాట చెప్పి ఉండె. 'వాన లెక్కలున్న మిషన్ ముందర ఆఫ్ చేసి, తీగ పీకి పక్కన పెట్టు. లేకపోతే ఇది దాన్ని కూడా పట్టుకుంటాది. ఎర్ర బొట్టు ఉండేదే అది' అని. ఆ సారు ఉద్యోగం విడిచి పోయేటప్పుడు, గుర్తు ఉండల్లని దానికి ఒక ఎర్ర స్టిక్కర్ బొట్టు అంటించి పోయినాడు…

నేను పోయి చూస్తే ఏడింటికీ ఎర్ర బొట్లు ఉండాయి తాతా.

…

ఆయుధ పూజ.

ఆ, మొన్న దసరాకు. మా గంగప్పన్న… ఆఫీసు ఊడ్చి తుడిచే అన్న. గదంతా కడగల్లని మిషన్లన్నీ బయట పెట్టి, తుడిచి, మళ్లా లోపల పెట్టినాడు. ఒకదానికి బొట్టుండి మిగతా ఆరూ బోసిగా ఉంటే ఆయప్పకు మనసొప్పలేదంట. ఆ స్టిక్కర్ పీకేసి, ఏడింటికీ గంధము కుంకుమ పెట్టల్లన్నాడు. ఆడపిల్ల చెయ్యి అయితే మంచిదని నన్ను పిలిచినాడు.

పెట్టింది నేనే తాతా.

…అవును, మేము చర్చికి పోయేవాళ్లమే. నేను బొట్టు పెట్టుకోను. మిషన్లకు పెట్టినా. ఆయన అంత ప్రేమగా పిలిస్తే కాదని ఎట్లంటా… మా అమ్మ చూస్తే ఏమంటాదో అని నవ్వుకుంటా, ఒక్కోదానికి గుండ్రంగా, అందంగా పెట్టినా. స్టిక్కర్ పీకింది నేను చూడలేదు. అది గుర్తుకు పెట్టిందని ఆయనకు తెలియదు.

లేదు తాతా, గంగప్పన్నను ఏమీ అనొద్దు. ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు నేను. చెప్తే అన్నం మానుకుంటాడు. ఆయన పెట్టమన్నది బొట్టు. చెరిపేయమని కాదు గదా…

ఏడింటికీ బొట్లుంటే నేనేం చెయ్యల్ల? ఆగల్ల. సారును అడగల్ల. ఒక తెర తెచ్చి తగిలించి చూస్తే రెండు నిమిషాల పని… చెయ్యలేదు. మన మిషన్ ఎప్పుడూ కిటికీ పక్కనే ఉంటాది గదా, అదే ఇది అనుకుంటి. గది కరెంటు అంతా ఆపి ఉంటిమి, ఏది నడిచేదో తెలియదు. కిటికీ పక్కదానికి తీగ పీకి, జాగ్రత్తగా బట్ట కప్పి పక్కన పెడితి.

గంగప్పన్న కడిగి పెట్టేటప్పుడు వరస మారింది తాతా.

…

ఆ. నేను బట్ట కప్పి దాచింది వేరేది.

ఇంక మిగిలిన ఆరూ ఒక్కోటీ ఆన్ చేసినా. ఆన్ చేస్తానే ఆ మిషన్ తీగ అవతల ఉన్న ఆ మేస్త్రీ మిషన్‌ను అడుగుతాది, నేనెవురు, ఏం చెయ్యల్ల అని. అట్ల అడిగేటట్టు అన్నిటికీ ముందే పెట్టి ఉండారు. అడిగితే ఇది దానికి ఒక పేరు పెడతాది… ఆ, అదే పెడతాది. తోచినట్టు, రెండు ఇంగ్లీషు మాటలు కలిపి. మన మిషన్‌కు కూడా ఏదో పేరు పెట్టింది. నీ పాత పేరేంది, నీ లోపల ఏముండాది అని అడగదు తాతా.

పేరు పెట్టినంక పరీక్ష చేస్తాది. లోపల జాగా ఎంత, డిస్క్ ఎంత, పనికొస్తాదా రాదా అని. ఐదు మిషన్లకు డిస్క్ ఒకే సైజు చూపించింది. ఒకదానికి పెద్దది చూపించింది… మన లెక్కలకని వేసిన పెద్ద డిస్క్.

చూసినా తాతా. నా కండ్లతో చూసినా. ఇదేందప్పా ఇదొక్కటే పెద్దగా ఉండాది అనుకున్నా… అనుకోని, పోయినా. అదే నాకు అన్నం దిగనియ్యడం లేదు. తెలియక చేసినా అనను లేదు. ఒక్క అర నిమిషం తెలిసింది నాకు.

ఆరింటికీ టిక్కు పెట్టి, డిప్లాయ్ అని ఉంటాది, అది నొక్కినా. నొక్కితే పాతదంతా చెరిపి కొత్తది రాస్తాది.

…

అడిగింది తాతా. అడగకుండా ఎందుకు చేస్తాది. ఆరు మిషన్లు, చెయ్యమంటావా అని అడిగింది.

నేను చెయ్యి అంటి.

…

పది నిమిషాలు. పదహైదేండ్లకు పది నిమిషాలు పట్టింది.

ఆరూ పచ్చగా వెలిగినాయి. గంగప్పన్న టీ తెచ్చిచ్చె, తాగితి. తాగినంక ఆ బట్ట తీసి, కిటికీ పక్క మిషన్ ఆన్ చేసి, అవ్వ పుస్తకం పని చూద్దామని తెరిస్తే… అందులో ఎప్పుడో పిల్లలు టైపు నేర్చుకున్న పేజీలు ఉండాయి. అవే అక్షరాలు మళ్లా మళ్లా. అప్పుడే దివాకర్ సారుకు ఫోన్ చేసినా.

…చూసినాడు తాతా. దివాకర్ సారు డిస్క్ బెంగళూరుకు బస్సులో తెప్పించుకున్నాడు. చెరిగిపోయినవి ఏరి తీసేవాళ్లు ఉంటారంట, వాళ్లకు చూపించినాడు. నిన్న సాయంత్రం ఫోన్ చేసినాడు. ఏవో ముక్కలు వచ్చినాయంట, ఒక్కటీ మాటగా కలవలేదంట. ఆ సారు కూడా ఏడ్చినాడు. మొదటి ఏడేండ్లు అవ్వ ఫోన్ ఎత్తింది ఆయనే గదా.

…ఆ. ఇంకొక తావ ఎందుకు పెట్టలేదంటే ఏం చెప్పేది. నెల దినాలు కూర్చోని అవ్వ మాటలన్నీ తీసి వరస పెట్టినా. అది కూడా ఆ మిషన్‌లోనే దాచినా. భద్రంగా ఉంటాదని…

తాతా.

తాతా, ఏడుస్తాండావా…

సరే. అడగను.

…

…

ఏమి?

…నీకు ఒక్కటి కూడా తెలియదా? అవ్వ నీకు ఎప్పుడూ చెప్పలేదా?

ఆ… ఆ టయానికి నువ్వు చేన్లో ఉంటివి. అవ్వ నాకు చెప్పేది, 'మా ఆయప్ప చేనికి పాయె పాపా, ఇప్పుడు చెప్తా రాసుకో' అని. మరి ఎవురితో మాట్లాడతాండావని నువ్వు అడిగితే ఏమనేది…

'వానతో' అనేదా.

…నాకు చెప్పలేదు ఈ మాట. ఇదొకటి రాసి పెట్టుకుంటా తాతా.

కాగితం… ఆ, ఉండాది. నా చేతిలోనే ఉండాది. నీ కండ్లకు అక్షరం ఆనుతాదా లేదా చూపిద్దామని లావు అక్షరాల్లో ఒక పేజీ అచ్చు తీసినా. నా సంచిలో ఉండిపోయి బతికింది. మొదటి పేజీనే. రెండు వేల తొమ్మిది, జూన్.

…చదవనా?

ఊ. విను.

జూన్ ఒకటి. సున్నా. రిమార్కు… 'డబ్బా కొత్తది. కోళ్లు ఎక్కి కూర్చుంటాండాయి. చుట్టూ ముండ్లకంప వేసినాము.'

ఆ, కంప వేసింది నువ్వా… 'వేసినాము' అనే చెప్పింది అవ్వ.

జూన్ రెండు. సున్నా. 'మళె ఇల్ల.'… మీ పక్క కన్నడం. వాన లేదు అని. దివాకర్ సారు అట్లే రాసుకున్నాడు, మార్చలేదు.

జూన్ మూడు. రెండున్నర మిల్లీమీటర్లు. 'మన్ను వాసన వచ్చింది. మన్ను తడవలేదు.'

జూన్ నాలుగు. సున్నా. 'డబ్బాలో చీమలు. తుడిచినా.'

జూన్ ఐదు. సున్నా. 'రాత్రి ఉరిమింది. ఆయప్ప లేచి పోయి వాకిట్లో కూర్చున్నాడు. నేనూ పోయి కూర్చున్నా. రాలేదు.'

…

గుర్తుండాదా నీకు?

…అట్ల శానా రాత్రులు కూర్చున్నారా. అయితే ఇది ఏ రాత్రో చెప్పలేవు… ఇది జూన్ ఐదుది తాతా. తేదీ ఉండాది.

జూన్ ఆరు. పద్దెనిమిది. 'విత్తనానికి శెనక్కాయ ఒలవను కూర్చున్నాము. పుష్ప ఆటకు పాయె. కొట్టలేదు.'

ఆ, పుష్పావతక్కే అయి ఉంటాది… నవ్వుతాండావు గదా. నవ్వు తాతా.

జూన్ ఏడు. సున్నా… ఇంతే. లావు అక్షరాలు గదా, పేజీకి ఏడు దినాలే పట్టినాయి. చిన్నక్షరాలు వేసి ఉంటే నెల దినాలు బతుకుతాండె.

…

లేదు, ఏడో తేదీకి రిమార్కు లేదనుకోవాకు. తరువాత పేజీలో ఉండాది. ఉండె.

…

నాకు గుర్తుండేవి కొన్ని ఉండాయి. నేను చేరి ఎనిమిదేండ్లు గదా, దినాము విన్నా. తేదీలు గుర్తు లేవు. తేదీ లేకపోతే అవ్వ ఒప్పుకోదు, ఏం చేసేది…

ఒకసారి చెప్పింది. 'ఈ దినం సున్నా. మా ఆయప్ప కూడా నోరు తెరవలేదు.' నేను పకపకా నవ్వితే, 'రాయి పాపా, రెండూ రాయి' అనె. రాసినా.

…ఎందుకు మాట్లాడలేదో నాకేం తెలుసు. కొట్లాడింటారు.

ఇంకొకసారి, బావిలో పూడిక తీసినప్పుడు… 'పాత బిందె దొరికింది. మా అత్తది' అని. ఇంకోసారి, 'పెద్దావు ఈనింది, దూడకు నొసట తెలుపు. వాన నాలుగు మిల్లీమీటర్లు' అని. దూడ ముందర, వాన తరువాత. ఇట్ల కాదు అవ్వా, లెక్క ముందర చెప్పల్ల అంటే, 'నాకు తెలుసులే పో' అనేది.

ఇంకొకటి తాతా. ఇది నేను ఎప్పుడూ మరిచిపోను. ఎండకాలం. అవ్వకు జరం. గొంతు కూడా రాలేదు. నేనంటి, అవ్వా, నాలుగు నెలలుగా చుక్క లేదు గదా, నువ్వు లేవాకు, నేనే సున్నా వేసుకుంటా అని. అవ్వకు కోపమొచ్చింది. 'నువ్వు వేస్తే అది సున్నా కాదు పాపా. ఒకరు పోయి చూసి వచ్చి చెప్తేనే సున్నా. చూడకపోతే అది ఖాళీ' అని. ఫోన్ పట్టుకోని, గోడ పట్టుకోని పోయి చూసి, తుడిచి, వచ్చి చెప్పింది. సున్నా.

…

ఇప్పుడు నా ముందర ఆ గడి అంతా ఖాళీగా ఉండాది తాతా. సున్నాలు ఉండాయి, అవ్వ చూసి చెప్పిన మాటలు లేవు.

…

ఆఖరుదా…

ఉండాది, గుర్తుండాది. అది వద్దులే.

…సరే. నువ్వు అడిగితే చెప్తా. పోయిన కార్తీకం. 'సున్నా. డబ్బా తుడిచినా. రేపు పెద్దాసుపత్రికి పోతాండాము. డబ్బా చూసేది ఆయప్పకు చెప్పినా. సరిగ్గా చూస్తాడో లేదో.'

…

తాతా…

నువ్వు ఒక్క దినం తప్పలేదు తాతా. అవ్వ మట్టి అయిన దినం కూడా ఎనిమిదిన్నరకు ఫోన్ చేస్తివి. ఎత్తింది నేనే. నువ్వు 'సున్నా' అంటివి, నేను రాస్తి, ఇద్దరమూ పెట్టేస్తిమి. అవ్వ పోయిందని నాకు సాయంత్రం గదా తెలిసింది…

చూసినావు. సరిగ్గానే చూసినావు.

…

ఏమి? … బుధవారమా?

నన్నా?

…ఫొటో ముందరనా. తాతా, నేను ఏమని… పుష్పావతక్క ఏమనుకుంటాది. పోగొట్టింది ఈయమ్మే, మళ్లా వచ్చి కూర్చుంది అనుకోదా…

నువ్వు చెప్తావా.

…నా నోటితోనే? కాగితం చదివి, గుర్తుండేవి అన్నీ… తేదీలు లేకపోయినా?

…

వస్తా. పొద్దున రాయదుర్గం బస్సుకు వస్తా, ఆడినుంచి గుమ్మఘట్ట ఆటో దొరుకుతాది. గుర్తుండేవి ఈ రెండు రాత్రులూ రాసుకుంటా. దివాకర్ సారును కూడా అడుగుతా, ఆయనకు ఎన్ని గుర్తుండాయో… పదహైదేండ్లు రావు తాతా. అన్నీ కలిపితే రెండు పేజీలు కావు. ముందే చెప్తాండా. ఆశ పెట్టుకోవాకు.

…ఆ మాట అనాకు. నా తప్పు కాదని మాత్రం అనాకు. నా తప్పే. నేను అట్లే ఉంచుకుంటా దాన్ని.

…

ఊ… టయం… తొమ్మిది దాటింది. నీ లెక్క అట్లే ఉండిపోయింది.

ఆగు, కొత్త మిషన్‌లోనే రాస్తా. ఈ దినమే తెరిచినారు. మూడు దినాలవి కాగితం మీద రాసినా, అవి తరువాత ఎక్కిస్తా… ఆ, వచ్చింది. ఊరి పేరు కొట్టినా. నీ పేరు తిప్పేస్వామి అని కొట్టినా. తేదీ కొట్టినా.

చెప్పు.

…

సున్నా.

…రాసినా. రిమార్కుల గడి అడుగుతాంది. ఖాళీగా వదిలేస్తా, ఎప్పటి మాదిరే. ఆ గడి ఆయమ్మది, నాది కాదు అంటావు గదా నువ్వు…

ఏమి?

…చెప్తావా?

చెప్పు తాతా. రాస్తాండా. నిదానంగా చెప్పు.

'డబ్బా… తుడిచినా.' ఊ.

'చీమలు… లేవు.' ఊ.

ఇంకా ఉండాదా… నేను యాడికీ పోను. ఉండా.

…

…

'పోయి… చూసినా.'

…అంతేనా తాతా?

రాసినా. రెండు తావుల పెడతాండా. ఇదో, ఒకటి ఈడ… ఇంకొకటి నా నోటుబుక్కులో కూడా… పెన్నుతోనే, తాతా, పెన్నుతో… హలో… తాతా… పెట్టేసినాడు, లెక్క చెప్పినంక ఎప్పటి మాదిరే…